పెన్షన్ పెరిగేదాకా పుండు ఆగదు

ప్రశ్న: మా మామగారికి 78 ఏళ్లు. షుగర్ ఉంది. ఎనిమిది నెలల క్రితం పక్షవాతం వచ్చి మంచం పట్టారు. తెనాలి దగ్గర పల్లెలో ఉంటాం, ఇంట్లో నేనే చూసుకుంటున్నాను. నడుము కింద చర్మం కమిలి నల్లబడితే పౌడర్ వేస్తున్నాం. నాలుగు రోజులుగా రాత్రిళ్లు ఏదేదో మాట్లాడుతున్నారు, మెడికల్ షాపులో నిద్ర మాత్రలు తెచ్చి ఇస్తున్నాం. నీళ్లు తాగితే పొలమారుతోంది. వృద్ధాప్య పెన్షన్ నెలకు రూ.4,000 వస్తోంది. ఇంట్లో ఉండే ఇలాంటివాళ్లకు ప్రభుత్వం ఇంకేమైనా సాయం చేస్తుందా? పెన్షన్ పెరిగితే ఎయిర్ బెడ్ కొని, ఒక ఆయాను పెట్టుకోవాలని ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: పెన్షన్ సంగతి తర్వాత చెప్తానమ్మా. ముందు నన్ను టెన్షన్ పెట్టింది మీ ఉత్తరంలో మధ్యన రాసిన మూడు వాక్యాలు.

చర్మం నల్లబడిందంటే పైకి కనిపించేంతే ఉండకపోవచ్చు, లోపల కండ కూడా దెబ్బతిని ఉండొచ్చు. షుగర్ ఉన్నవాళ్లలో బెడ్ సోర్, అంటే ఒకేచోట ఒత్తిడి పడి వచ్చే పుండు, తొందరగా లోతుకు దిగుతుంది. పౌడర్ వేయకండి. మర్దన చేయకండి. మధ్యలో బోలుగా ఉండే గాలి ట్యూబు పెట్టకండి, దాని అంచుల దగ్గర రక్తం ఆడక కొత్త పుండ్లు వస్తాయి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి, మోకాళ్ల మధ్య, మడమల కింద మెత్తటి దిండు పెట్టండి. తిప్పేటప్పుడు దుప్పటి మీద లాగొద్దు, ఆ రాపిడికే చర్మం ఊడుతుంది. ఇద్దరు పట్టుకుని కొంచెం పైకెత్తి జరపాలి. మీరొక్కరే ఎత్తితే రేపు మీ నడుము కూడా పోతుంది. రోజూ స్నానం చేయించేటప్పుడు మడమలు, తుంటి, భుజాలు కూడా చూడండి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే అక్కడా మొదలైనట్టే. ఎయిర్ బెడ్ మంచిదే, కానీ అది ఉన్నా తిప్పడం మానకూడదు. అది లేదని ఇప్పుడు ఆగడానికి అసలే వీల్లేదు.

ఇక నిద్ర మాత్ర. ఉన్నట్టుండి రాత్రిళ్లు అయోమయంగా మాట్లాడటం నిద్రలేమి కాదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మూత్రం బిగుసుకుపోవడం, మలబద్ధకం, రక్తంలో సోడియం (ఉప్పు) తగ్గడం, షుగర్ పడిపోవడం, ఆ పుండులోనే చీము పట్టడం, వీటిలో ఏదైనా కావచ్చు. కారణం వెతకకుండా మత్తిస్తే జబ్బు లోపల పెరుగుతుంది, మనిషి మాత్రం నిశ్శబ్దంగా ఉంటారు. పైగా పొలమారుతోందంటున్నారు. మత్తులో ఉన్నప్పుడు ఉమ్మి కూడా ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. చీటీ లేకుండా నిద్ర మాత్ర అమ్మడం తప్పు, అడిగి తెచ్చుకోవడమూ తప్పే. మీరు అలసిపోయారు, నాకు అర్థమవుతోంది, అయినా ఈ మాట చెప్పక తప్పదు. ఇంకో మాత్ర వేసే ముందే డాక్టర్‌తో మాట్లాడండి. తిండి, నీళ్లు బాగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి, చెంచాతో కొద్దికొద్దిగా ఇవ్వండి. తిన్నాక అరగంట పడుకోబెట్టొద్దు. మత్తుగా ఉన్నప్పుడు నోట్లో ఏమీ పోయకండి.

ఇప్పుడు మీరడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకు 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద నెలకు రూ.15,000 పెన్షన్ ఉంది. మీ మామగారు దానికి అర్హులో కాదో పరీక్షించి తేల్చేది ప్రభుత్వ డాక్టర్లే, ఇక్కడినుంచి నేను చెప్పలేను. మీ గ్రామ సచివాలయంలో అడగండి. పక్షవాతం వచ్చినప్పటి డిశ్చార్జి సమ్మరీ, స్కాన్ రిపోర్టు పారేయకుండా దాచండి.

70 దాటినవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు, ఏడాదికి రూ.5 లక్షల వరకు వైద్యం. అది ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది, ఆయా జీతం అందులోంచి రాదు. కానీ పుండు లోతుగా ఉండి ఆపరేషన్ చేసి శుభ్రం చేయాల్సివస్తే అక్కరకొస్తుంది, కాబట్టి ఆధార్‌తో ఇప్పుడే చేయించి పెట్టుకోండి. ఏ సాయానికి ఎవరిని కలవాలో తెలియకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి, ఉచితం.

చాలామంది వదిలేసే సాయం ఇంకోటుంది. మీ ఊరి ఆశా కార్యకర్త, ఏఎన్ఎం (ఊళ్లో ఉండే ప్రభుత్వ నర్సు). మంచం పట్టిన పెద్దవాళ్లను ఇంటికొచ్చి చూడటం వాళ్ల పనిలో భాగమే. దీనికి మంజూరు పత్రం అక్కర్లేదు. ఈ పూటే ఫోన్ చేసి పుండు చూపించండి, బీపీ, షుగర్ చూడమనండి, డ్రెస్సింగ్ ఎలా మార్చాలో వాళ్ల ముందే ఒకసారి మీ చేత్తో చేసి నేర్చుకోండి.

అయితే ఆ అయోమయం, పొలమారడం రెండూ కలిసి ఉన్నాయి కాబట్టి ఇంటి దగ్గర చూపించడంతో సరిపెట్టొద్దు. చూడకుండా నేను మందు రాయలేను. రేపటిలోగా డాక్టర్‌కు చూపించండి. జ్వరం, పుండు నుంచి వాసన, ఆయాసం, పిలిచినా పలక్కపోవడం, వీటిలో ఏది కనిపించినా రేపటిదాకా కూడా ఆగకుండా 108కు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు షుగర్ మందులతో పాటు ఆ నిద్ర మాత్రల స్ట్రిప్పు కూడా పట్టుకెళ్లండి. ఏ మందు, ఎన్ని ఎంజీ అన్నది అక్కడి డాక్టర్ చూడాలి.