లైట్ల ముందు నిలబడబోయే అమ్మాయికి

చి. అమ్మాయికి పిన్ని ఆశీస్సులు.

సోమవారం నుంచి హీరోయిన్‌కు స్టాండ్-ఇన్‌గా వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఉంటూ నేను ఇన్నేళ్లు చేసిన పని అదే కనుక, ఏం కట్టుకోవాలో ఏం పట్టుకెళ్లాలో నీకు ముందే చెప్పాలనిపించింది.

చాలామంది దీన్ని డూప్ పని అనుకుంటారు. డూప్ వెనుక నుంచైనా తెర మీద కనిపిస్తుంది, మనం కనిపించం. కెమెరామన్ లైట్లు అమర్చుకునేంతసేపు హీరోయిన్ నిలబడవలసిన చోట, ఆమె ఎత్తులో, ఆమె చాయలో నిలబడడమే మన పని. అందువల్ల నీ బట్టలు ఖరీదైనవా కావా అన్నది అక్కడ ఎవరికీ పట్టదు. ఆ రోజు ఆమె కాస్ట్యూమ్ రంగుకు దగ్గరగా ఉన్నాయా అన్నదే కావాలి. ముందురోజు సాయంత్రమే అసిస్టెంట్ డైరెక్టర్‌కు ఫోన్ చేసి ఆ రంగేమిటో, జడా, విరబోసిన జుట్టా, హీల్స్ ఎంత ఎత్తో అడిగి తెలుసుకో.

కొత్తలో నేను అలా అడగకుండా తెల్లచీరలో వెళ్లాను. ఆ రోజు హీరోయిన్‌ది ముదురు మెరూన్ చీర. నా చీర మీద పడిన వెలుగు తిరిగి గడ్డం కిందికి కొట్టడంతో ముఖం తేటగా కనిపించి, వెలుగును ముఖం మీదికి మళ్లించడానికి ఎదురుగా పెట్టిన థర్మాకోల్ షీటు అక్కర్లేదని కెమెరామన్ తీయించేశారు. తీరా ఆమె వచ్చి నిలబడేసరికి కళ్ల కింద నీడలు పడ్డాయి. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు కానీ, సర్దిన స్టాండ్లను మళ్లీ మోస్తున్న లైట్‌మెన్ ముఖాల వైపు నేను చూడలేకపోయాను.

మెరిసే రాళ్లు, చమ్కీలు, సన్నగళ్ల బట్టలు వద్దు. ఆమె హీల్స్ రెండంగుళాలైతే నీవీ రెండంగుళాలే ఉండాలి, ఎందుకంటే కెమెరా ఫోకస్ సరిచేసే ఫోకస్ పుల్లర్ కెమెరా దగ్గర నుంచి నీ కంటి దాకా టేపు సాగదీసి కొలుస్తాడు. నేల మీద అతికించిన రంగు టేపు, అంటే మార్క్, దగ్గర పాదాలు పెట్టి, వాళ్లు చెప్పేదాకా కదలకు. అయితే మోకాళ్లు బిగబట్టి నిలబడితే కళ్లు తిరుగుతాయి, కాస్త సడలించి నిలబడు. మార్క్ మీద లేనప్పుడు వేసుకోవడానికి మెత్తటి చెప్పులు వేరే ఉంచుకో.

సంచిలో శాలువా తప్పకుండా ఉండాలి, ఏసీ షూటింగ్ ఫ్లోర్‌లో ఎముకలు కొరికే చలి. ఔట్‌డోర్ అయితే గొడుగు, నీళ్ల సీసా. ప్రొడక్షన్ వాళ్లు టిఫిన్ పెడతారు గానీ, సరిగ్గా ఆ వేళకే లైటింగ్ మొదలవుతుంది. అందుకని నాలుగు పల్లీచిక్కీలు ఉంచుకో. పిన్నీసులు, ప్యాడ్లు, చార్జరు సరేసరి. ఒక చిన్న పుస్తకంలో ఏ రోజు ఏ కాల్షీట్‌కు వెళ్లావో, ఎంత ముట్టిందో ఏ రోజుకారోజు రాసుకో. అలా రాసుకోక నేను ఒకచోట పదకొండు రోజుల డబ్బు పోగొట్టుకున్నాను.

షూటింగ్ సారథి స్టూడియోలోనో అన్నపూర్ణ స్టూడియోలోనో అయితే ఇల్లు దగ్గరే. హయత్‌నగర్ దాటి రామోజీ ఫిల్మ్ సిటీకైతే మాత్రం మెట్రో అంత దూరం పోదు, తెల్లవారుజామున అసలే ఉండదు. యూనిట్ బండి ఎక్కడ ఎక్కించుకుంటుందో, రాత్రి ఎక్కడ దింపుతుందో మేనేజర్‌ను ముందే అడుగు. అడగడానికి మొహమాటపడకు.

నా దగ్గర మెరూన్, నీలం, ఇసుకరంగు దుపట్టాలు మూడున్నాయి. ఆదివారం వచ్చి తీసుకెళ్లు.

మీ పిన్ని