కొత్త హెచ్‌డీ చానళ్లకు చోటు ఎలా వస్తుందంటే

అన్నా, తిరుచానూరు వైపు మీ కేబుల్ లైన్లో కొత్త హెచ్‌డీ చానళ్లకు ఖాళీ లేదు, స్విచ్డ్ డిజిటల్ వీడియో పెడితే సరిపోతుందా అని అడిగారు కదా.

ఆ పద్ధతిలో అన్ని చానళ్లూ ఎప్పుడూ లైన్లో ఉండవు. ఒక నోడ్ (ఒక ప్రాంతం ఇళ్లకు సిగ్నల్ పంచే చోటు) కింద ఎవరైనా పెట్టుకున్న చానలే అక్కడికి వెళ్తుంది. చూసేవాళ్లు లేకపోతే ఆ చోటు ఇంకోదానికి. తెలుగుతోపాటు తమిళం, కన్నడం, హిందీ అన్నీ అడిగే మన తిరుపతికి చాలా పనికొచ్చే ఆలోచన. కానీ ఏ చానల్ కావాలో బాక్సు వెనక్కి చెప్పగలగాలి. మీ యాంప్లిఫయర్లలో రిటర్న్ పాత్ (ఇంటి నుంచి వెనక్కి సిగ్నల్ వెళ్లే దారి) లేదన్నారు, కాబట్టి ఇప్పటికి వదిలేయండి.

మీకు అసలు చోటు పోతున్నది వీడియోను కుదించే పాత పద్ధతి ఎంపెగ్-2లో. కొత్తదైన ఎంపెగ్-4కు మారితే అదే నాణ్యతకు దాదాపు సగం బిట్‌రేట్ (సెకనుకు పంపే డేటా) చాలు. ఎంపెగ్-2 బాక్సులు దాన్ని చూపించలేవు, ముందు వాటిని మార్పించండి.

ఇక లైన్లో ఒక్కో 8 మెగాహెర్ట్జ్ చోటులో 64 క్వామ్‌తో (సిగ్నల్‌లో డేటా నింపే పద్ధతి, అంకె పెరిగితే ఎక్కువ పడుతుంది) సెకనుకు సుమారు 38 మెగాబిట్లు వెళ్తాయి, 256 క్వామ్‌తో 50 దాకా. అయితే 256కు సిగ్నల్ నాణ్యత దాదాపు 6 డీబీ (డెసిబెల్స్) మెరుగ్గా ఉండాలి. లైన్ చివరి ఇంట్లో మీటరు పెట్టి ఎంఈఆర్ (సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందో చెప్పే కొలత) చూడండి. 32 డీబీ కంటే తక్కువుంటే కనెక్టర్లు, ట్యాపులు (లైన్ నుంచి ఇళ్లకు సిగ్నల్ విడదీసేవి) బాగుచేసేదాకా 64లోనే ఉంచండన్నా.