ఆపరేషన్‌కి ముందు తాగుడు సంగతి ఎందుకు అడుగుతారు?

ప్రశ్న: మావారికి 46 ఏళ్లు. వచ్చే నెల హెర్నియా ఆపరేషన్. మొన్న పరీక్షలకని వెళ్తే నర్సు ఒక కాగితం పట్టుకుని తాగుడు గురించి వరసగా అడిగింది. పక్కనే మా మామగారు. ఈయన 'ఎప్పుడైనా పెళ్లిళ్లకి, ఒక పెగ్గు' అనేశారు. నిజానికి రోజూ రాత్రి క్వార్టర్ పడాల్సిందే. చెబితే ఇన్సూరెన్స్ రాదంటూ నన్ను నోరెత్తనివ్వడం లేదు. ఏం చేయను?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: చెప్పాల్సిందేనమ్మా. మామగారి ముందు అడగడం మాత్రం ఆసుపత్రి వాళ్ల తప్పే. కన్నతండ్రి ఎదురుగా ఎవరు నిజం చెబుతారు? నేనైతే బీపీ చూడాలని చెప్పి, అందరినీ బయటికి పంపాకే ఆ కాగితం తీస్తాను.

అది బహుశా తాగుడు ఏ స్థాయిలో ఉందో తేల్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ (AUDIT) పట్టిక అయ్యుంటుంది. 10 ప్రశ్నలు, 40 మార్కులు. 8 వచ్చిందంటే డాక్టరు పట్టించుకోవాలి. మీవారి జవాబులకి మొదటి మూడు ప్రశ్నల్లో వచ్చేది 1. క్వార్టర్ అంటే 180 మి.లీ., ఆ లెక్కలో ఆరు డ్రింకులు. ఉన్నదున్నట్టు చెబితే ఆ మూడింటికే 10 వచ్చేవి. ఇప్పుడు ఆ 1 చూసి, ఆపరేషన్‌కి మత్తు ఇచ్చే డాక్టరు నిశ్చింతగా ఉంటారు. చిక్కంతా అక్కడే.

ఆసుపత్రిలో చేరగానే తాగుడు ఉన్నట్టుండి ఆగిపోతుంది. రోజూ తాగేవాళ్లలో కొందరికి 6 నుంచి 24 గంటల్లో చేతులు వణుకుతాయి, చెమటలు, గుండెదడ. కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. రెండో రోజో మూడో రోజో గోడ మీద పురుగులు పాకుతున్నాయంటూ సెలైన్ పీకేసుకుని మంచం దిగేవాళ్లున్నారు, కుట్లు పచ్చిగా ఉండగానే. ఆపరేషన్ వికటించిందని బంధువులు మా మీద పడతారనుకోండి, అది వేరే కథ. ముందే తెలిస్తే మాత్రలతో, బి1 విటమిన్ ఇంజెక్షన్లతో చాలావరకు ఆపగలం.

ఇన్సూరెన్స్ అంటారా, పాలసీలు సాధారణంగా పక్కన పెట్టేది తాగుడు మాన్పించే వైద్యాన్ని. హెర్నియా అందులోకి రాదు. పాలసీ కట్టేటప్పుడు ఫారంలో ఏం రాశారో మాత్రం ఒకసారి చూసుకోండి.

మత్తు డాక్టరు చెకప్‌కి మామగారిని ఇంట్లోనే ఉంచి మీరిద్దరే వెళ్లండి. ఆయన నోరు విప్పకపోతే మీరే చెప్పండి. మానాలనే ఆలోచన ఉంటే మీ ఊళ్లోనే నిమ్హాన్స్ మానసిక వైద్య సంస్థలో దీనికి ప్రత్యేక విభాగం ఉంది.

ఇంకో మాట. ఇది చదివి ఇవాళే సీసాలు దాచేయకండి. ఉన్నపళంగా మాన్పిస్తే ఆసుపత్రిలో రావాల్సిన ఫిట్స్ ఇంట్లోనే రావచ్చు. ఎలా తగ్గించాలో డాక్టరు చెప్పాక మొదలుపెట్టండి.