ముందు ఏ గట్టో చెప్పు

తమ్ముడూ,

గోదావరి ఒడ్డున నడిచి నువ్వు రాసిన వ్యాసం చదివిన. కుందనపల్లిలో ఆరబోసిన వడ్ల మీది బూడిదను ముసలమ్మ చాటతో చెరిగే వాక్యం బాగున్నది. ఆ వెంటనే ‘గోదావరిఖని దగ్గర నది సముద్రంలా పోటెత్తింది’ అని రాసినవు చూడు, అక్కడ నాకు మండింది. ఆటుపోట్లు అంతర్వేది కాడి ముచ్చట. ఖనికి ఎగువన ఎల్లంపల్లి బరాజు నిండితే నీటిమట్టం సముద్రానికి 148 మీటర్ల పైన. అంత ఎత్తుకు ఏ పోటు ఎక్కుతది?

ఇక్కడ నీళ్లు ఎదురెక్కితే మోటర్లతోనే. ఖనికి దిగువన సుందిళ్ల బరాజు నిండు మట్టం 130 మీటర్లు. ఆ నీళ్లను ఎత్తి ఎగువన ఎల్లంపల్లిలో పోసేందుకే గోలివాడ పంపుహౌసు కట్టిండ్రు. 2023 అక్టోబరులో ఇంకా దిగువన మేడిగడ్డ బరాజు పిల్లర్లు కుంగినంక సుందిళ్ల గేట్లు కూడా ఎత్తేసిండ్రు. మరి మొన్నటి మే నెలలో నడిచిన అంటూ ‘నిండు గోదారి’ అని ఎట్ల రాసినవు? ఇసుక, నడుమ నడుమ మడుగులు, అంతే కదా నువ్వు చూసింది.

నడక రాసేటోడు ముందు ఏ గట్టు మీద ఉన్నడో చెప్పాలె. ఈ సంగతిల నేను మొండోన్ని. నీరు పారే దిక్కు మొహం పెట్టి నిలబడు: కుడి చేతికి ఖని, ఎడమ చేతికి మంచిర్యాల. నీ రెండో పేరాలో రెండూ ఒకే ఒడ్డున ఉన్నయి.

‘చిమ్నీలు నల్లపొగ కక్కుతున్నయి’ అన్నవు. ఎన్టీపీసీ కరెంటు ప్లాంటు చిమ్నీకి ముందు ఈఎస్పీలు, అంటే పొగల బూడిదను పట్టే యంత్రాలు, ఉంటయి. వాటిల కరెంటు తీగలు బూడిదకు విద్యుదావేశం ఎక్కిస్తయి, రేకులు దాన్ని గుంజుకుంటయి, రేకులను కొడితే కింది తొట్లల రాలుతది. అందుకే పొగ పలుచగ కనబడతది. మన బొగ్గుల మూడో వంతుకు అటూ ఇటుగ బూడిదే. తొట్లల పడ్డదాన్ల కొంత నీళ్లల్ల కలిపి పైపులల్ల బూడిద చెరువుకు తోలుతరు. అక్కడ నీళ్లు తేరుకుంటయి, బూడిద అడుగున పేరుకుంటది. ఎండకాలం పైపొర ఎండిపోయి, దాన్ని తడపకుండ వదిలేస్తే, గాలిదుమారం లేవంగనే ఊరి మీద పడతది. నీ ముసలమ్మ చాటలున్నది ఆ బూడిదే. నువ్వేమో చిమ్నీని తిట్టి చెరువును మరిచినవు.

ఇదంతా రాస్తే సంపాదకుడు కోస్తడు. అంకె కనబడితే కత్తెర తీసేటోళ్లను చానామందిని చూసిన. ‘నది కన్నీరు’ అని పంపు, బాక్సు కట్టి వేస్తరు. నదులు ఏడ్వని ఆదివారం సంచిక ఈ మధ్య నా కంట పడలే.

ఇంకోటి. నీ కథకుడు 2005లో ఎరువుల ఫ్యాక్టరీ అమోనియా ఘాటుకు ముక్కు మూసుకుంటడు. పాత ఎఫ్‌సీఐ ఎరువుల ఫ్యాక్టరీ 1999లోనే మూతపడ్డది, గ్యాసుతో నడిచే కొత్తది 2021లో మొదలైంది. నడుమ ఏ ఘాటు? మేడిపల్లి దగ్గరి ‘పురాతన కొండ’ అని నువ్వు రాసింది ఓపెన్‌కాస్టు బొగ్గుగని తవ్వి పోసిన మట్టికుప్ప. పైన బల్లపరుపుగ, పక్కలు మెట్లు మెట్లుగ ఉన్నయంటే అది డంపర్లు పోసిన గుట్టే.

మళ్లా నడువు. పొద్దుగాల్నయితే ఖని వంతెన కాడ మొదలుపెట్టి ఎగువకు పో. దిగువకు నడిస్తే ఎండ కండ్లల్ల కొడతది, ఏదీ సక్కగ కనబడది. ఇసుక తోడిన గుంతల అంచు మీద అడుగు పెట్టకు. పైన పొడిగ ఉంటది, కింద నీళ్లు కోసేసి ఉంటయి, మనిషి బరువుకు తెగుతది. చేతికర్రతో పొడిచి చూసి కదులు. వానకాలం నదిలకు దిగనే దిగకు. ఎల్లంపల్లికి 62 గేట్లు. నీ నెత్తిన మబ్బు లేకున్నా, పైన కడెం వాగు పొంగితే వాటిని ఎత్తుతరు.

పుస్తకం ఎవరు వేస్తరని అడిగినవు, అది తర్వాత. రెండో పేరా నుంచి తిరగరాసి పంపు. కాగితానికి ఒక్క దిక్కే రాయి, మార్జిన్ వదులు.

మీ అన్న