ఆక్స్‌ఫర్డ్ వారి బీరు గ్రంథంలో తప్పులున్నాయట, కొనవచ్చా?

కొనవచ్చు. అయితే చరిత్ర కోసం కాదు, తయారీ కోసం కొనండి. మీరు అడిగిన ‘ది ఆక్స్‌ఫర్డ్ కంపానియన్ టు బీర్’ బెంగళూరులో నేను పనిచేసే చిన్న బ్రూవరీలో (బీరు తయారీశాలలో) ఏళ్ల తరబడి ఉంది. మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం) మర పక్కనే పెట్టడంతో అట్ట ఎప్పుడో రంగు మారింది. రోజూ ఎవరో ఒకరు తిరగేస్తూనే ఉంటారు.

ఇది 2011లో వచ్చింది. సంపాదకుడు గారెట్ ఆలివర్, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ బ్రూవరీ బ్రూమాస్టర్. 160 మందికి పైగా రాసిన 1,100కు పైగా వ్యాసాలు అక్షర క్రమంలో ఉంటాయి. ఇన్ని చేతులు పడిన పుస్తకం ఒకే స్థాయిలో ఉంటుందని ఆశించడం అత్యాశే. మీరు విన్న గొడవ అక్కడే మొదలైంది. బ్రిటన్‌కు చెందిన బీరు చరిత్రకారుడు మార్టిన్ కార్నెల్, ఎప్పుడో తప్పని తేలిన కథలు మళ్లీ ఇందులో అచ్చయ్యాయని తీవ్రంగా విమర్శించారు. కెనడాకు చెందిన ఆలన్ మెక్లియోడ్ సవరణలన్నీ పాఠకులే ఒకచోట చేర్చే ఏర్పాటు చేశారు. ఆలివర్ కూడా ఊరుకోలేదు, ఘాటుగానే బదులిచ్చారు. నా ఓటు కార్నెల్‌కే. ఆక్స్‌ఫర్డ్ ముద్ర ఉంటే చదివేవాడు మళ్లీ సరిచూసుకోడు. అందుకే అలాంటి పుస్తకంలో తప్పు పడితే తొందరగా పోదు.

బీరు చరిత్రలో కథలు ఎలా పాతుకుపోతాయో చూడాలంటే మన మద్రాసు రేవుకూ వచ్చిన ఇండియా పేల్ ఏల్ (ఐపీఏ) అనే బీరు చాలు. నెలల తరబడి సాగే ఓడ ప్రయాణానికి తట్టుకునేలా లండన్‌లోని బో ప్రాంతపు జార్జ్ హాడ్జ్‌సన్ దాన్ని కనిపెట్టాడని ఇప్పటికీ చెబుతుంటారు. కానీ వేడి దేశాలకు పంపే బీరులో చేదునిచ్చే హాప్స్ పువ్వులు ఎక్కువ వేయాలన్న సలహా 1760ల నాటికే ఉంది. ముదురు రంగు పోర్టర్ బీరు కూడా అదే దారిలో ఇండియాకు చేరింది. హాడ్జ్‌సన్‌కు అసలు కలిసొచ్చినవి వేరు: ఈస్టిండియా కంపెనీ ఓడలు ఆగే చోటికి దగ్గరగా బ్రూవరీ ఉండటం, కెప్టెన్లకు నెలల గడువుతో అప్పుకు సరుకు ఇవ్వడం. చాకచక్యమంతా వ్యాపారంలోనే ఉంది. 1820లలో ఇంగ్లండ్‌లోని బర్టన్ ఊరి బ్రూవరీలు రంగంలోకి దిగి ఆ మార్కెట్టును లాగేసుకున్నాయి. కాబట్టి ఈ గ్రంథంలోనే కాదు, ఎక్కడైనా సరే, ‘ఫలానా ఏడాది ఫలానా వ్యక్తి కనిపెట్టాడు’ అన్న వాక్యం కనబడితే ఇంకోచోట సరిచూసుకోండి.

తయారీ విషయాలకు వస్తే కథే వేరు. నురుగు మీద పరిశోధనలు చేసిన కాలిఫోర్నియా ఆచార్యుడు చార్లెస్ బామ్‌ఫోర్త్ వంటివారు ఇందులో రాశారు. మా దగ్గర కొత్తగా చేరినవారికి మొదట చదవమని ఇచ్చేవి నురుగు, డయాసిటిల్ వ్యాసాలే. మాల్ట్‌లోని ప్రోటీన్లు, హాప్స్‌లోని చేదు పదార్థాలు కలిసి నురుగును నిలబెడతాయి; నూనె తగిలితే అది కూలిపోతుంది. ఇది తెలిశాక, మిరపకాయ బజ్జీ తిన్న పెదవులతో గ్లాసు ఎత్తి, నురుగు లేదని మామీద విసుక్కునే వారికి ఓపికగా జవాబు చెప్పగలం. డయాసిటిల్ అంటే బీరుకు వెన్న వాసన తెచ్చే పదార్థం. పులిసే దశ చివర్లో ట్యాంకు వేడిని కొన్ని డిగ్రీలు పెంచి రెండు మూడు రోజులు ఆగితే, బీరును పులియబెట్టే ఈస్టే దాన్ని తిరిగి లోపలికి తీసుకుంటుంది. చల్లగా పులియబెట్టే లాగర్ బీరు చేసేవారికి ఆ ఓపిక తప్పదు. ట్యాంకు త్వరగా ఖాళీ కావాలని యజమాని తొందరపెట్టినప్పుడు, అచ్చులో ఉన్న ఆధారం చూపిస్తే వాదన తొందరగా తేలిపోతుంది.

వ్యాసం చివర రాసినవారి పేరు ఉంటుంది, ముందు అది చూడండి. ట్యాంకుల దగ్గరో ప్రయోగశాలలోనో పనిచేసినవారు తమ పని గురించి రాసి ఉంటే నిశ్చింతగా నమ్మవచ్చు. 2011 నాటి పుస్తకం కనుక, ఆ తర్వాత అంతటా వ్యాపించిన మసక రంగు హేజీ ఐపీఏల కోసం ఇందులో వెతకవద్దు. మీకు కావలసింది బ్రిటిష్ బీర్ల చరిత్ర మాత్రమే అయితే, ఈ బరువంతా మోయనవసరం లేదు. కార్నెల్ రాసిన ‘ఆంబర్, గోల్డ్ అండ్ బ్లాక్’ కొనుక్కోండి.