వేడి చేసిందా, ఒళ్ళు వేడిగా ఉందా?

సందేహం: మాది గుంటూరు. ఎం.బి.బి.ఎస్. అక్కడే చదివి, ఇప్పుడు వరంగల్లులో జనరల్ మెడిసిన్‌లో పీజీ చేస్తున్నాను. ఓపీకి వచ్చేవాళ్ళు నీరసం, ఆయాసం, గ్యాస్, కళ్ళు తిరగడం, బీపీ ఉండడం అంటూ ఒకే మాటను పది రోగాలకు వాడుతున్నట్టు నాకు తోస్తోంది. ఈమధ్య ఒక పెద్దాయన ‘దమ్మొస్తాంది మేడం’ అంటే, పొగ తాగడం గురించి చెబుతున్నారనుకొని రోజుకు ఎన్ని కాలుస్తారని అడిగాను. ఇవన్నీ తప్పు ప్రయోగాలేనా? వీటికి బదులుగా కచ్చితమైన తెలుగు మాటలున్నాయా? మేము రోగులకు ఇచ్చే ప్రశ్నపత్రంలో ‘మీరు శ్వాస తీసుకోవడంలో ఇబ్బందిని కలిగి ఉన్నారా?’ వంటి వాక్యాలున్నాయి. అవి సరైనవేనా? చివరగా, నొప్పి ఒప్పా, నెప్పి ఒప్పా?
– ఒక వైద్యురాలు, వరంగల్లు

సమాధానం: మీరు పేర్కొన్న మాటల్లో ఒక్కటి కూడా తప్పు ప్రయోగం కాదు. వాటిని తీసేసి కొత్త మాటలు పెట్టవలసిన అవసరం కూడా లేదు. ఒకే మాట పది రోగాలకు వాడుతున్నారని మీకు తోచడానికి కారణం, మీరు నామవాచకాన్ని విని, దాని వెంట వచ్చిన క్రియను వినకుండా వదిలేయడమే కావచ్చునని నా అభిప్రాయం. తెలుగులో రోగి చెప్పుకొనే బాధలోని తేడా చాలా వరకు క్రియలో ఉంటుంది. కొంత ఏకవచన బహువచనాల్లో, కొంత విభక్తిలో ఉంటుంది.

నేను కళ్ళారా చూసిన ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ళ కిందట మా మేనత్తను ఒక డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాను. ‘ఏమిటమ్మా ఇబ్బంది?’ అని ఆయన అడిగితే, ఆవిడ కొంగు సర్దుకుంటూ ‘వేడి చేసింది బాబూ’ అంది. ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, నర్సు చేత థర్మామీటరు పెట్టించాడు. 98.4 ఉంది. ‘జ్వరం లేదమ్మా’ అని పంపేశాడు. మూత్రానికి వెళ్ళినప్పుడు మంటగా ఉందని అత్త ఇంటికి వచ్చాక చెప్పింది, అదీ నాతో కాదు, మా ఆవిడతో. మర్నాడు పరీక్ష చేయిస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందని తేలింది. ఆ డాక్టరు అశ్రద్ధ చేశాడని నేననను. ‘ఒళ్ళు వేడిగా ఉంది’ అన్న వాక్యాన్నీ ‘వేడి చేసింది’ అన్న వాక్యాన్నీ ఆయన ఒకటిగా తీసుకున్నాడు. మొదటిది చెయ్యి పెట్టి చూస్తే తెలిసే జ్వరం. రెండవది మూత్రంలో మంట, నోటిపూత, కళ్ళ మంటలు వంటివాటిని, ముఖ్యంగా పరాయివాళ్ళ ముందు పేరు పెట్టి చెప్పడానికి బిడియపడే వాటిని, మర్యాదగా సూచించే మాట.

ఈ ‘చేయు’ అనే క్రియను కాస్త పరిశీలించండి. జలుబు చేసింది, జబ్బు చేసింది, సుస్తీ చేసింది, వేడి చేసింది. వీటిలో చేసిన కర్త ఎవరూ లేరు. రోగం తెలుగువాడికి ఆస్తి కాదు, అది బయటినుంచి అతని మీదికి వచ్చే ఒక సంఘటన. జ్వరం వస్తుంది, పడిశం పడుతుంది, తిమ్మిరి ఎక్కుతుంది, అంటువ్యాధి సోకుతుంది, వడదెబ్బ తగులుతుంది. అది దెబ్బ కనుకనే తగులుతుంది తప్ప రాదు. ఇవన్నీ జరిగేది ‘నేను’ అనే ప్రథమా విభక్తికి కాదు, ‘నాకు’ అనే కు విభక్తికి. అందువల్ల మీ ప్రశ్నపత్రంలోని ‘ఇబ్బందిని కలిగి ఉన్నారా’ అన్న వాక్యం తెలుగు వాక్యం కాదు. ఇల్లు కలిగి ఉండవచ్చు, పొలం కలిగి ఉండవచ్చు గాని, దగ్గును ఎవరూ కలిగి ఉండరు. ‘జ్వరంతో బాధపడుతున్నాను’ అనడం రాతలో నిలదొక్కుకున్న ప్రయోగమే కనుక దానితో నాకు పేచీ లేదు. అయినా ఓపీ గదిలో కూర్చున్న మనిషి నోట అది ఎన్నడూ రాదు.

వచనం ఎంత పని చేస్తుందో చూడడానికి ఒక్క విరేచనం అనే మాట చాలు. ‘విరేచనం కావడం లేదు’ అంటే మలబద్ధకం. ‘విరేచనాలు అవుతున్నాయి’ అంటే అతిసారం. మాట ఒకటే, ఏకవచనంలో ఆరోగ్యం, బహువచనంలో రోగం. ఇంగ్లీషునుంచి తెచ్చుకున్న మోషన్ అనే మాటను కూడా మనవాళ్ళు అచ్చంగా ఈ వ్యాకరణానికే లోబరచుకున్నారు. మోషన్ అయిందంటే సుఖం, మోషన్లు అవుతున్నాయంటే సెలైన్ పెట్టించవలసిన పరిస్థితి. వాంతి విషయంలో తేడా క్రియలో ఉంది. ‘వాంతి వస్తోంది’ అంటే వికారం మాత్రమే, ఇంకా కాలేదు. ‘వాంతి అయింది’ అంటే అయిపోయింది.

ఇక కళ్ళు తిరగడం, తల తిరగడం. వీటిని పర్యాయపదాలుగా వాడేవాళ్ళున్నారు కనుక కచ్చితమైన గీత గీయలేము గాని, వాడుకలో ఒక మొగ్గు మాత్రం స్పష్టంగా ఉంది. ‘కళ్ళు తిరిగి పడిపోయాడు’ అంటాము, ‘తల తిరిగి పడిపోయాడు’ అనడం తక్కువ. కళ్ళు తిరగడం, కళ్ళు బైర్లు కమ్మడం, చీకట్లు కమ్మడం సొమ్మసిల్లబోయే స్థితికి దగ్గరి మాటలు. లేచి నిలబడగానే బీపీ పడిపోయినవాళ్ళు ఇలా చెబుతారు. తల గిర్రున తిరగడం, ఇల్లంతా తిరగడం, పక్క మీద ఇటునుంచి అటు దొర్లగానే పైకప్పు తిరగడం లోపలి చెవికి సంబంధించిన బాధలో వినిపించే మాటలు. మీరు ‘కళ్ళు తిరుగుతున్నాయా?’ అని మాత్రమే అడిగితే రెండింటికీ అవుననే జవాబు వస్తుంది. ‘ఏం తిరుగుతోంది? మీరా, ఇల్లా?’ అని అడగండి. మీరున్న ప్రాంతంలో ‘చక్కరొచ్చి పడ్డడు’ అన్న మాట కూడా మీ చెవిన పడే ఉంటుంది. అది ఉర్దూలోని చక్కర్, అంటే తిరుగుడు. గుంటూరు చెవికి అది చక్కెరలా వినబడి, మీరు షుగరు పరీక్ష రాయించే ప్రమాదం ఉంది.

దీని పక్కనే మూర్ఛ అనే మాట గురించి చెప్పక తప్పదు. సంస్కృతంలో మూర్ఛ అంటే స్పృహ తప్పడమే. ఫిట్స్‌కు ఆయుర్వేదం పెట్టిన పేరు అపస్మారం. కాని నేటి తెలుగులో మూర్ఛవ్యాధి అంటే ఫిట్సే. పాత అర్థం పూర్తిగా పోయిందా అంటే పోలేదు, అది ఒక క్రియ దగ్గర తలదాచుకుంది. ‘ఆ వార్త విని మూర్ఛపోయింది’ అంటే స్పృహ తప్పింది. ‘ఆమెకు మూర్ఛ వచ్చింది’ అంటే కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. పోవడానికీ రావడానికీ మధ్య మీ వైద్యంలో రెండు వేరు వేరు అధ్యాయాలున్నాయి.

ఆయాసం కూడా సంస్కృతమే. అక్కడ దాని అర్థం శ్రమ, అలసట. ఊపిరి అందకపోవడమనే అర్థం తెలుగులో స్థిరపడింది. మూలార్థం మన దగ్గర ‘అనాయాసంగా’ అన్న మాటలో చెక్కుచెదరకుండా ఉంది. అనాయాసంగా గెలిచాడంటే శ్రమ లేకుండా గెలిచాడని అర్థమే తప్ప, రొప్పకుండా గెలిచాడని కాదు. అందుచేత ఏ వృద్ధుడైనా ‘ఆయాసంగా ఉంది’ అన్నప్పుడు ఒంట్లో ఓపిక లేదంటున్నాడా, ఊపిరి అందడం లేదంటున్నాడా అని మరొక ప్రశ్న వేయడం మంచిది. ‘ఆయాసం వస్తోంది’ అంటే మాత్రం సందేహం లేదు, అది ఊపిరి సంగతే. మిమ్మల్ని తికమక పెట్టిన దమ్ము పారశీకంలోని దమ్, అర్థం ఊపిరి. ఉర్దూ ద్వారా మనకు వచ్చి, కోస్తాలో ‘దమ్ముంటే రా’ అనే ధైర్యంగానూ, చుట్ట బీడీల దగ్గర ‘దమ్ము కొట్టడం’గానూ మిగిలింది. ఆవిరి బయటికి పోకుండా మూత బిగించి వండే దమ్ బిర్యానీలోదీ అదే మాట. తెలంగాణలో మాత్రం అది అసలు అర్థానికి దగ్గరగా నిలిచి, రొప్పును తెలియజేస్తోంది. కనుక ఆ పెద్దాయన తన బాధను సరిగ్గానే చెప్పుకున్నారు. ఇక్కడా క్రియే దారి చూపుతుంది: దమ్ము ఉంటే ధైర్యం, కొడితే పొగ, వస్తే ఆయాసం.

నీరసంలో నీరు లేదు. ఒంట్లో నీరు తగ్గడమే నీరసమని కొందరు అనుకుంటారు గాని, అది నిః, రసం అనే రెండు మాటల కలయిక. రేఫకు, అంటే ‘ర’కారానికి, ముందు విసర్గ లోపించి, దాని ముందున్న ఇకారం దీర్ఘమైంది. నీరోగి అన్న మాటలోనూ ఇదే జరిగింది. సారం లేనిదని మూలార్థం. నీరసమైన ప్రసంగం అన్నప్పుడు ఆ అర్థాన్నే వాడుతున్నాము. ఇది నిజంగానే విశాలమైన మాట, ఒప్పుకుంటాను. రక్తహీనత, థైరాయిడ్, నిద్రలేమి, మనసులోని దిగులు, అన్నీ దీని కిందికే వస్తాయి. అయినా ‘నీరసంగా ఉంటోంది’ అంటే నెలల తరబడి సాగుతున్నది. ‘ఉన్నట్టుండి నీరసం వచ్చేస్తోంది, చెమటలు పోస్తున్నాయి’ అని షుగరు మాత్రలు వేసుకొనేవారెవరైనా అంటే, అది గ్లూకోజు పడిపోవడం కావచ్చు. ఒక చెయ్యో కాలో పనిచేయకపోతే దాన్ని మనవాళ్ళు నీరసమనరు. ‘చేతిలో పట్టు లేదు’, ‘కాలు ఈడుస్తోంది’, ‘చెప్పు జారిపోతున్నా తెలియడం లేదు’ అంటారు.

అన్నింటికన్నా మీరు జాగ్రత్తగా వినవలసింది గుండె దగ్గర. తెలుగులో గుండె ఒక అవయవం, గుండెలు ఒక ప్రదేశం. గుండెలు బాదుకోవడం, గుండెల మీద చెయ్యి వేసుకోవడం అన్న ప్రయోగాల్లో బహువచనానికి రొమ్ము అనే అర్థం. అందుకని ‘గుండెల్లో మంట’ అన్న మనిషి గుండెజబ్బు అని చెప్పడం లేదు, చాలాసార్లు అన్నవాహికలోకి ఎగదన్నిన పులుపును గురించి చెబుతున్నాడు. దీనికి ఎదురు ప్రమాదం గ్యాస్ అనే మాటతో వస్తుంది. కడుపుబ్బరం, త్రేన్పులు, పులితేన్పులు అనే మూడు చక్కటి మాటలను ఈ ఒక్క మాట మింగేసింది. అంతటితో ఆగక పైకి పాకి, రొమ్ములో ఎక్కడ పట్టేసినా గ్యాసే అయింది. ఇది నాకు నిజంగా ఆందోళన కలిగించే మార్పు. రోగి గ్యాస్ అన్నప్పుడు తన బాధను వర్ణించడం లేదు, రోగనిర్ణయం తానే చేసుకొని వచ్చాడు. కాబట్టి ఆ నామవాచకాన్ని పక్కన పెట్టించి, క్రియను అడిగి రాబట్టండి. ‘గ్యాస్ సరే, అది ఏం చేస్తోంది?’ అంటే చాలు. మండుతోంది, ఎగదన్నుతోంది, ఉబ్బరిస్తోంది అంటే ఒక దారి. నొక్కేస్తోంది, పిండేస్తోంది, బరువు పెట్టినట్టుంది, చేతిలోకి లాగుతోంది అంటే వెంటనే ఈసీజీ తీయించవలసిన దారి.

నొప్పికి ఇంగ్లీషు పుస్తకాల్లో మీరు బట్టీ పట్టిన విశేషణాలన్నీ తెలుగులో క్రియలుగా ఉన్నాయి. చీముగడ్డ సలుపుతుంది, పన్ను పీకుతుంది, కడుపు మెలిపెడుతుంది, ఊపిరి పీలిస్తే పక్కలో పొడుస్తుంది, పిక్క పట్టేస్తుంది, నడుము దగ్గర మొదలై మడమ దాకా నరం జివ్వున లాగుతుంది. షుగరున్నవాళ్ళ అరికాళ్ళు మండుతాయి, మొద్దుబారుతాయి, చీమలు పాకినట్టుంటాయి. పొడుచు అనే క్రియనుంచి వచ్చిన నామమే పోటు. కత్తిపోటు, తలపోటు, గుండెపోటు అన్నీ దాని సంతానమే.

బీపీ ఉంది, షుగర్ ఉంది అన్నవి తర్కానికి నిలవవని మీ అభ్యంతరం కావచ్చు. రక్తపోటు లేని ప్రాణి ఉండదు కదా. కాని కొలతకు పెట్టిన పేరు, ఆ కొలత హద్దు మీరినప్పటి రోగానికి పేరు కావడం భాషలో సహజమే. ‘నాకు బీపీ ఉంది’ అంటే 140/90 దాటి మందులు వాడుతున్నానని అందరికీ తెలుసు. దీన్ని దిద్దనక్కరలేదు. తక్కువైనదాన్ని మాత్రం ‘లో బీపీ’ అని విడిగా చెబుతూనే ఉన్నారు.

నొప్పి, నెప్పి విషయానికి వస్తే, రాతలో నొప్పి అనే రాయండి. మెచ్చు అనే క్రియనుంచి మెప్పు, మెప్పించు వచ్చినట్టు, నొచ్చు అనే క్రియనుంచి నొప్పి, నొప్పించు వచ్చాయి. తమిళంలో రోగాన్ని నోయ్ అంటారు, కన్నడంలో నొప్పిని నోవు అంటారు. కుటుంబమంతా ఓకారంతోనే ఉంది. నెప్పి కోస్తాలో వినిపించే ఉచ్చారణ భేదం, మాటలో ఉంటే దోషం లేదు. ‘నొప్పింపక తానొవ్వక’ అన్న సుమతీ శతక పాదంలో ఈ ధాతువు రెండు రూపాల్లోనూ ఉంది. మా వైపు ఆ క్రియ శరీరాన్ని వదిలి, ‘మనసు నొచ్చుకుంది’ అన్నచోట మాత్రమే మిగిలింది. శరీరానికైతే నొప్పి పెట్టాలి, నొప్పిగా ఉండాలి. మీ ఓపీకి వచ్చే వరంగల్లు ముసలమ్మ ‘కడుపు నొస్తాంది బిడ్డా’ అన్నప్పుడు ఆ పాత క్రియ ఒంటి బాధను చెబుతూ ఇంకా బతికే ఉంది.

ప్రశ్నపత్రంలోని వాక్యాలను ఇలా మార్చుకోవచ్చు: ‘నడిచినప్పుడు గాని, వెల్లకిలా పడుకున్నప్పుడు గాని ఆయాసం లేదా దమ్ము వస్తోందా?’, ‘గుండెల మీద బరువు పెట్టినట్టు గాని, పట్టేసినట్టు గాని ఉంటోందా? అది చేతికో దవడకో పాకుతోందా?’, ‘విరేచనం సాఫీగా అవుతోందా?’, ‘కళ్ళు తిరిగి ఎప్పుడైనా పడిపోయారా?’, ‘మూత్రంలో మంట గాని, వేడి చేసినట్టు గాని ఉందా?’ ముద్రించేటప్పుడు ఆయాసం పక్కన దమ్మును వదలనట్టే, కళ్ళు పక్కన కండ్లు, తల పక్కన తలకాయ కూడా వేయించండి.