మా అమ్మాయి పసిఫికా బడికి ప్రిన్సిపాల్ అవుతానంటోంది, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మేం న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్ నగరంలోని పాపటోయిటోయిలో ఉంటాం. మాది కాకినాడ దగ్గర. అమ్మాయి ఇయర్ 13, అంటే బడి చివరి ఏడాది చదువుతోంది. ఈ మధ్య పసిఫికా (పసిఫిక్ ద్వీపాల మూలాలున్న) ప్రిన్సిపాళ్ల సమావేశం ఒకటి జరిగితే, అతిథులకు పాటతో స్వాగతం చెప్పడానికి వాళ్ల స్కూలు గ్రూపుతో వెళ్లింది. సమోవా, టోంగా, నియూవే వాళ్లు బడి నాయకత్వం గురించి, తమ సంస్కృతి, భాషల గురించి మాట్లాడుకోవడం విని వచ్చింది. అప్పటినుంచి 'టీచర్నవుతాను, ఎప్పటికైనా అలాంటి బడికి ప్రిన్సిపాల్‌నవుతాను' అని ఒకటే పాట. వాళ్ల నాన్నేమో హెల్త్ సైన్స్ చదవమంటున్నారు. మేం ఆ ద్వీపాల వాళ్లం కాదు కదా, మా పిల్లని అక్కడ నాయకురాలిగా ఎవరు ఒప్పుకుంటారు? పైగా దానికి తెలుగే అంతంతమాత్రం. ఇంకొకరి భాషనేం నిలబెడుతుంది? నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీ అమ్మాయి చెబుతున్నదాంట్లో రెండు విషయాలున్నాయి. టీచర్ కావడం ఈ ఏడాది తేల్చుకోవాల్సింది. ప్రిన్సిపాల్ కావడం చాలా ఏళ్ల తర్వాతి మాట. మీ ఇంట్లో గొడవంతా రెండోదాని గురించే జరుగుతున్నట్టుంది. నిజానికి ఇప్పుడు తేలాల్సింది ఒక్కటే: ఆరేళ్ల పిల్లలు పాతికమంది మధ్య రోజంతా గడపడం ఆమెకు ఇష్టమేనా? ఆ సమావేశంలో ఆమె చూసింది చాలా ఏళ్లు తరగతి గదుల్లో పనిచేసి ఆ కుర్చీదాకా వచ్చినవాళ్లని. ఆ పనిని దగ్గరగా చూడకుండా కుర్చీని మాత్రమే చూసి నిర్ణయించుకోకూడదు.

అలాగని ఆమె కోరికను పిల్లతనం అని కొట్టిపారేయకండి. ఆ సమావేశాల్లో జరిగేది ఉత్సవం కాదు. న్యూజిలాండ్‌లో 1989 నాటి 'టుమారోస్ స్కూల్స్' సంస్కరణతో ప్రతి బడికీ తల్లిదండ్రులు ఎన్నుకునే బోర్డు వచ్చింది. ప్రిన్సిపాల్‌ని నియమించేది ఆ బోర్డే. మన దగ్గర హెడ్మాస్టరు పైనుంచి ఆర్డరు మీద వచ్చి, మళ్లీ ఆర్డరు మీదే వెళ్లిపోతారు. ఇక్కడ అలా కాదు. ఏ టీచర్‌ని తీసుకోవాలి, డబ్బు దేనికి ఖర్చుపెట్టాలి, సమోవన్‌లో బోధించే తరగతి ఉంచాలా తీసేయాలా అన్నవి చాలామటుకు బడిలోనే తేలుతాయి. అంత బాధ్యత మోసే ప్రిన్సిపాల్ ఆ బడిలో ఒంటరి. అందులోనూ పసిఫికా పిల్లల సంఖ్యతో పోలిస్తే పసిఫికా ప్రిన్సిపాళ్లు తక్కువ. అందుకే వాళ్లకు ఒక సంఘం ఉంది. కలిసి కూర్చుని ఒకరి బడి కష్టం ఇంకొకరికి చెప్పుకుంటారు.

భాష సంగతి వాళ్లకు ఎందుకంత ముఖ్యమో చూడండి. 2023 జనాభా లెక్కల ప్రకారం న్యూజిలాండ్‌లో పసిఫికా మూలాలున్నవాళ్లు సుమారు 4.4 లక్షల మంది, అంటే దేశ జనాభాలో దాదాపు 9 శాతం. వాళ్లలో సమోవన్లు ఎక్కువ. సమోవన్‌కు వెనక ఒక స్వతంత్ర దేశం ఉంది. నియూవేకి ఆ బలం లేదు. ఆ ద్వీపంలో ఉండేది రెండు వేల లోపు జనం. 2018 లెక్కల్లోనే న్యూజిలాండ్‌లో నియూవే మూలాలున్నవాళ్లు 30 వేలు దాటారు. టోకెలావు కూడా అంతే, ఆ మూడు పగడపు దీవుల్లో కంటే ఇక్కడే వాళ్లు ఎన్నో రెట్లు ఎక్కువ. అంటే ఆ భాష మరో తరం బతకాలంటే ఆక్లాండ్‌లోనో వెల్లింగ్టన్ దగ్గరి పోరిరువాలోనో ఏదో ఒక బడిలో వినిపించాలి. ఆ బడి ప్రిన్సిపాల్‌కి పట్టకపోతే వినిపించదు.

దగ్గరగా చూస్తే ఇది ఇంకా అర్థమవుతుంది. మనురేవాలోని ఫిన్లేసన్ పార్క్ స్కూల్లో మావోరీ (ఇక్కడి మూలవాసుల భాష), సమోవన్, టోంగన్ ద్విభాషా తరగతులున్నాయి. ఇలాంటి తరగతి నడవాలంటే ఆ భాషలో లెక్కలూ సైన్సూ చెప్పగల టీచర్ కావాలి. ఆవిడ ప్రసూతి సెలవు పెడితే ఆ స్థానంలోకి వచ్చేవాళ్లను ముందే చూసి పెట్టుకోవాలి. పిల్లలు చదవడానికి పుస్తకాలు కావాలి. ప్రభుత్వం తెచ్చిన 'తుపు' కథల పుస్తకాలు పసిఫికా భాషల్లో ఉన్నాయి, అవి బీరువాలో మూలుగుతున్నాయా, పిల్లల చేతుల్లో నలుగుతున్నాయా అన్నది చూసుకోవాలి. 'మా వాడు ఇంగ్లీషులో వెనకబడతాడేమో' అని వచ్చే సమోవన్ తల్లిని కూర్చోబెట్టి ఓపిగ్గా మాట్లాడాలి. ఇవన్నీ చేసేదే నాయకత్వం. వేదికమీద ఉపన్యాసం ఇందులో చిన్న భాగం.

దీనికి చరిత్ర కూడా ఉంది, మీరు తెలుసుకోవాలి. 1950ల తర్వాత ఫ్యాక్టరీ పనులకు మనుషులు కావాలని ద్వీపాలనుంచి రానిచ్చారు. 1970ల్లో పనులు తగ్గగానే, వీసా గడువు దాటిందంటూ తెల్లవారుజామున పోలీసులు వాళ్ల ఇళ్ల తలుపులు బాదారు. దీన్నే 'డాన్ రెయిడ్స్' అంటారు. గడువు దాటినవాళ్లు ఇతర దేశాలవాళ్లలోనూ ఉన్నా, గురిపెట్టింది పసిఫికా ఇళ్లనే. 2021 ఆగస్టు 1న ప్రధాని జసిండా ఆర్డెర్న్ ఆక్లాండ్ టౌన్‌హాల్‌లో ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు. బడిలో తమ భాష మాట్లాడొద్దనిపించుకున్న పిల్లలూ ఆ తరంలో ఎందరో. మన ఊళ్లలో తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే కాన్వెంట్లు మీరూ చూసే ఉంటారు, కాబట్టి ఆ బాధ మీకు కొత్త కాదు. అయినా వాళ్లు ఊరుకోలేదు. 1984లో ఆక్లాండ్‌లో పసిపిల్లల కోసం సమోవన్‌లోనే నడిచే 'ఆఓగా ఫాఆ సమోవా' మొదలుపెట్టారు. 1990లో లైసెన్సు పొందిన తొలి పసిఫికా శిశు విద్యాకేంద్రం అదే. 1976లో ఓటారాలోని హిల్లరీ కాలేజీలో మొదలైన పాలీఫెస్ట్ అనే బడిపిల్లల సాంస్కృతిక ఉత్సవం ఇప్పుడు ఎంత పెద్దదయిందో మీ అమ్మాయే చెబుతుంది. అందులో డైవర్సిటీ స్టేజ్ మీద మన పిల్లలూ నాట్యం చేస్తారు.

ఇక మీ అసలు భయం, 'మా పిల్లని ఎవరు ఒప్పుకుంటారు' అన్నది. మొహమాటం లేకుండా చెబుతాను. సమోవన్ బడిలో సమోవన్ ప్రిన్సిపాల్ ఉండటం ఆ పిల్లలకు చాలా అవసరం. తమలాంటివాళ్లు ఆ కుర్చీలో కూర్చోగలరని వాళ్లు కళ్లారా చూడాలి. మీ అమ్మాయి వాళ్ల చోటు తీసుకోవడానికి వెళ్లకూడదు, వాళ్ల పక్కన పనిచేయడానికి వెళ్లాలి. ఆ తేడా ఆమెకు ఇప్పుడే తెలియాలి. అది తెలిసినవాళ్లకు అక్కడ చోటుంది. దక్షిణ ఆక్లాండ్ బడుల్లో సమోవన్, టోంగన్, మావోరీ, భారతీయ పిల్లలు ఒకే బెంచీమీద కూర్చుంటారు. 'తౌతాయి ఓ లె మోవానా' అని ప్రిన్సిపాళ్లకు ఒక నాయకత్వ కార్యక్రమం ఉంది, పసిఫికా ప్రిన్సిపాళ్ల సంఘం అందులో భాగస్వామి. పసిఫికా పిల్లలున్న బడిని నడిపే వేరే జాతుల ప్రిన్సిపాళ్లు కూడా అందులో నేర్చుకుంటారు.

సమోవన్లలో ఒక సామెత ఉంది: 'ఓ లె ఆలా ఇ లె పులె ఓ లె తౌతువా'. అధికారానికి దారి సేవే అని. అది వాళ్లకు రోజువారీ లెక్క. కార్యక్రమం అయ్యాక కుర్చీలు సర్దింది ఎవరు, పెద్దవాళ్లకు ముందు వడ్డించింది ఎవరు, అంత్యక్రియలకు వచ్చి కూర్చున్నది ఎవరు, ఇవన్నీ చూస్తారు. మీ అమ్మాయి ఎన్ని సర్టిఫికెట్లు తెచ్చినా, ఆ ఇళ్లవాళ్లు ఆమెను బేరీజు వేసేది ఇలాగే.

మీకు తెలియకపోవచ్చుగానీ, పసిఫిక్‌లో మన కథా ఒకటుంది. 1879 నుంచి 1916 దాకా బ్రిటిష్‌వాళ్లు భారతీయులను గిర్మిట్ (ఒప్పంద) కూలీలుగా ఫిజీ చెరకు తోటలకు పంపారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా తమిళులతోపాటు తెలుగువాళ్లూ ఓడలెక్కారు. 1941లో ఫిజీ తెలుగువాళ్లు తమకంటూ ఒక ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు, బడులు నడిపారు. అయినా ఇవాళ వాళ్ల మనవలు, ముని మనవల్లో ఎక్కువమంది మాట్లాడేది ఫిజీ హిందీ. ఫిజీలో 1987 సైనిక కుట్రల తర్వాత చాలా కుటుంబాలు ఆక్లాండ్ వచ్చేశాయి. మీ వీధిలోనే ఉండొచ్చు. నాయుడు, రెడ్డి అన్న ఇంటిపేర్లుంటాయి, తెలుగు ఉండదు. ఇక్కడి లెక్కల్లో వాళ్లను పసిఫికా కింద కాకుండా ఆసియన్ల కింద వేస్తారు, అదొక బాధ వాళ్లకి. మీ అమ్మాయి రేపు టీచరయితే ఆమె క్లాసులో ఈ పిల్లలూ ఉంటారు. భాష పోగొట్టుకున్న ఇంటి బిడ్డకూ, పోనివ్వకూడదని పట్టుబట్టిన ఇంటి బిడ్డకూ ఒకేసారి పాఠం చెప్పాల్సి వస్తుంది. ఆ పనికి ఆమె పనికిరాదని నేననుకోను.

'తెలుగే రాదు' అన్నారు. ఇక్కడ మీరు చేయగలిగింది చాలా ఉంది. సమోవన్ రాతలో ఇంగ్లీషు జి అక్షరం ఉన్నచోట పలకాల్సింది మన ఙ. మనం పలకమీద దిద్ది వదిలేసిన అక్షరం వాళ్ల పేర్లలో అడుగడుగునా వస్తుంది. హాజరు పిలిచేటప్పుడు టీచర్ దాన్ని 'గ' అని పలికేస్తే పిల్లాడి పేరే మారిపోతుంది. సమోవన్ మాటలన్నీ తెలుగులాగే అచ్చులతో ముగుస్తాయి. దీర్ఘం తప్పితే అర్థం తప్పుతుంది: 'తమ' అంటే అబ్బాయి, 'తమా' అంటే నాన్న. తెలుగు విని పెరిగిన చెవికి ఈ తేడాలు తేలిగ్గా దొరుకుతాయి. కాబట్టి ఇంట్లో తెలుగు మాట్లాడండి, అ ఆలు మీరే దిద్దించండి, ఇప్పుడైనా మించిపోయిందేం లేదు. ఒక్క పసిఫికా భాషనైనా ఆమె పట్టుదలగా నేర్చుకోవాలి. ఆక్లాండ్ యూనివర్సిటీలో సమోవన్, టోంగన్ కోర్సులున్నాయి. వెల్లింగ్టన్‌లోని విక్టోరియా యూనివర్సిటీలో సమోవన్ స్టడీస్‌నే ప్రధాన సబ్జెక్టుగా చదవొచ్చు. పలకరింపులు, రెండు పాటలతో ఆగిపోతే మాత్రం లాభం లేదు.

చదువు దారి సంగతి. యూనివర్సిటీ ఎంట్రన్స్ (యూనివర్సిటీలో చేరే అర్హత) వస్తే మూడేళ్ల బ్యాచిలర్ ఆఫ్ ఎడ్యుకేషన్ టీచింగ్‌లో చేరవచ్చు. ఆక్లాండ్ యూనివర్సిటీ దీన్ని దక్షిణ ఆక్లాండ్‌లోనూ నడుపుతుంది కాబట్టి మీకు ప్రయాణం తక్కువ. ఇంటర్వ్యూ ఉంటుంది, పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది, చదువుతున్నంతకాలం బడుల్లో ప్రాక్టికమ్, అంటే బోధనలో శిక్షణ ఉంటుంది. డిగ్రీ తర్వాత రెండేళ్లు సీనియర్ టీచర్ పర్యవేక్షణలో పనిచేస్తేనే పూర్తిస్థాయి సర్టిఫికెట్. తర్వాత టీమ్ లీడర్, డిప్యూటీ ప్రిన్సిపాల్, ఆపైన బోర్డు నమ్మితే ప్రిన్సిపాల్. రెండో దారి, ముందు వేరే డిగ్రీ చేసి, ఆపైన ఏడాది గ్రాడ్యుయేట్ డిప్లొమా ఇన్ టీచింగ్. వాళ్ల నాన్నగారికి ఇది నచ్చొచ్చు. కానీ అమ్మాయి మనసు ప్రైమరీ పిల్లల మీదే ఉంటే నేను మొదటి దారికే ఓటేస్తాను, బడిలో గడిపే సమయం అందులోనే ఎక్కువ. ఇష్టం లేని హెల్త్ సైన్స్‌లో మొదటి ఏడాది పోటీ తట్టుకోవడం ఎవరికైనా కష్టమే.

జీతం గురించి మీరడగలేదు, అయినా ఇంట్లో వస్తుంది. ప్రైమరీ టీచర్ స్కేలు చివరి మెట్టు ఏడాదికి లక్ష డాలర్లు దాటింది. ప్రిన్సిపాల్ జీతం బడిలో పిల్లల సంఖ్యను బట్టి పెరుగుతుంది. మీకు రెసిడెన్సీ వచ్చి ఇక్కడ ఉండబట్టి మూడేళ్లయితే స్టూడెంట్ లోన్ దొరుకుతుంది. పసిఫికా విద్యార్థులకని కేటాయించిన స్కాలర్‌షిప్పులు మాత్రం లెక్కలో వేసుకోకండి, అవి వాళ్లవి.

అప్లికేషన్ పెట్టేలోపు ఒక పని చేయించండి. దగ్గర్లో సమోవన్ లేదా టోంగన్ తరగతి ఉన్న ప్రైమరీ బడి ఆఫీసుకు వెళ్లి, వారంలో ఒక మధ్యాహ్నం చిన్నపిల్లల చేత చదివించడానికి సాయం చేస్తానని అడగమనండి. ఒక టర్మ్ అంతా మానకుండా వెళ్లాలి. ఈలోగా 2018లో విద్యాశాఖ పసిఫికా పిల్లలకు చదువు చెప్పే టీచర్లకోసం తెచ్చిన 'తపసా' మార్గదర్శకాన్ని ఇద్దరూ కలిసి చదవండి, ఆన్‌లైన్లో ఉచితంగా దొరుకుతుంది. టర్మ్ చివర ఆమెను 'ఎలా ఉంది' అని కాకుండా, 'ఏ పిల్లాడికి ఏం రావడం లేదు, నువ్వేం చేశావు' అని అడగండి. పిల్లల పేర్లతో సహా గంటసేపు చెప్పుకుపోతే టీచింగ్‌కే అప్లై చేయించండి. చెప్పడానికేం లేకపోతే రెండో దారి ఎలాగూ ఉంది. వాళ్ల నాన్నగారిని కూడా ఒకసారి ఆ బడి డిప్యూటీ ప్రిన్సిపాల్‌తో మాట్లాడించండి. పని గంటలు, జీతం, ప్రమోషన్ల గురించి ఆయన అడగాలనుకున్నవన్నీ నేరుగా వాళ్లనే అడగొచ్చు.